జావాస్క్రిప్ట్ అనువర్తనాలలో ఫీచర్ ఫ్లాగ్‌ల నిర్వహణ: ప్రవేశం నుండి తొలగింపు వరకు

వ్యాససంగ్రహం

సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా రాసిన భాగాన్ని ఎవరికి, ఎప్పుడు చూపాలో నిర్ణయించే షరతును ఫీచర్ ఫ్లాగ్ అంటారు. దీనిని కోడ్‌లో చేర్చడానికి ఒకటి రెండు పంక్తులు చాలు. చేర్చిన తరువాత సకాలంలో, సక్రమంగా తొలగించడమే కష్టం. తొలగించకుండా వదిలిన కోడ్, మళ్లీ వాడుకున్న పాత ఫ్లాగ్ కలిసి 2012లో అమెరికాలోని ఒక పెద్ద షేర్ల వ్యాపార సంస్థను ముప్పావుగంటలో దెబ్బతీశాయి. జావాస్క్రిప్ట్ అనువర్తనాలలో పాత కోడ్ సంస్థ సర్వర్లలోనే కాక వినియోగదారుల బ్రౌజర్లలో కూడా నడుస్తూ ఉంటుంది కనుక అటువంటి ప్రమాదానికి ఇక్కడ అవకాశం ఎక్కువ. ఫ్లాగ్ ఎక్కడ ఉంటుంది, జావాస్క్రిప్ట్ స్వభావం వల్ల ఎటువంటి పొరపాట్లు జరుగుతాయి, ఫ్లాగ్‌ను ఏ క్రమంలో తొలగించాలి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఫీచర్ ఫ్లాగ్, జావాస్క్రిప్ట్, విడుదల, డిఫాల్ట్ విలువ, బ్రౌజర్, సాంకేతిక రుణం, కోడ్ తొలగింపు.

1. ఉపోద్ఘాతం

ఒక అంతర్జాల నిఘంటువును ఊహించుకుందాం. అందులో పదాన్ని తెలుగు లిపిలో టైపు చేస్తేనే అర్థం దొరుకుతుంది. రోమన్ అక్షరాలలో టైపు చేసినా సరైన తెలుగు పదాన్ని పట్టుకొనే కొత్త శోధనను నిర్వాహకులు తయారు చేశారు. దీనిని ఒకేసారి పాఠకులందరికీ ఇస్తే, ఏదైనా దోషం ఉన్నప్పుడు అందరూ ఇబ్బంది పడతారు. పూర్తిగా సిద్ధమయ్యే వరకు వేరే శాఖలో దాచి ఉంచితే, ఈలోగా ప్రధాన కోడ్ చాలా మారిపోయి రెండింటినీ కలపడం పెద్ద పని అవుతుంది.

ఈ చిక్కుకు ఫీచర్ ఫ్లాగ్ ఒక పరిష్కారం. కొత్త శోధన కోడ్‌ను ప్రధాన కోడ్‌లోనే చేర్చి, దాని ముందు ఒక షరతు పెడతారు. షరతు నిజమైతే కొత్త శోధన, కాకపోతే పాత శోధన నడుస్తుంది. షరతు విలువ కోడ్‌కు వెలుపల ఒక కాన్ఫిగరేషన్‌లో ఉంటుంది. దానిని మార్చితే చాలు, కోడ్‌ను మళ్లీ సర్వర్లకు చేర్చనవసరం లేకుండానే కొత్త శోధన మొదలవుతుంది లేదా ఆగుతుంది. కాలువ తవ్వడం వేరు, తూము ఎత్తడం వేరు. అదే విధంగా కోడ్‌ను సర్వర్లకు చేర్చడాన్ని, దానిని వినియోగదారులకు విడుదల చేయడాన్ని ఫీచర్ ఫ్లాగ్ రెండు వేర్వేరు నిర్ణయాలుగా విడదీస్తుంది.

ఫోటోల వెబ్‌సైట్ ఫ్లికర్‌లో పనిచేసిన రాస్ హార్మ్స్ 2009 డిసెంబరులో ఈ పద్ధతిని వివరిస్తూ రాసిన వ్యాసం దీనికి విస్తృత ప్రచారం కల్పించిన తొలి రచనలలో ఒకటి. అభివృద్ధి బృందమంతా వేర్వేరు శాఖలు లేకుండా ఒకే ప్రధాన కోడ్‌లో పనిచేయడం ఫ్లాగ్‌ల వల్ల ఎలా సాధ్యమైందో అందులో ఆయన తెలిపారు. నేడు ఈ పద్ధతి సాఫ్ట్‌వేర్ సంస్థలలో సర్వసాధారణం. దీని ప్రయోజనాల గురించి చాలినంత సాహిత్యం ఉంది. ఫ్లాగ్ పని ముగిసిన తరువాత దానిని ఏం చేయాలన్న ప్రశ్నకు దక్కిన శ్రద్ధ తక్కువ. అందుచేత ఈ వ్యాసం ఆ ప్రశ్నను కేంద్రంగా తీసుకుంటున్నది.

2. ఫ్లాగ్‌ల వర్గీకరణ

పీట్ హాడ్జ్‌సన్ మార్టిన్ ఫౌలర్ వెబ్‌సైట్‌లో ప్రచురించిన వ్యాసంలో ఫ్లాగ్‌లను నాలుగు రకాలుగా విభజించారు. ఫ్లాగ్ ఎంతకాలం ఉంటుంది, దాని విలువ ఎంత తరచుగా మారుతుంది అనే రెండు ప్రమాణాలు ఈ విభజనకు ఆధారం.

మొదటిది విడుదల ఫ్లాగ్. పూర్తికాని కోడ్‌ను దాచి ఉంచడం, సిద్ధమైన తరువాత క్రమంగా వినియోగదారులకు అందించడం దీని పని. దీని ఆయువు కొన్ని రోజులు లేదా కొన్ని వారాలు మాత్రమే కావాలి. రెండవది ప్రయోగ ఫ్లాగ్. వినియోగదారులలో కొందరికి ఒక రూపం, మరికొందరికి మరొక రూపం చూపి ఫలితాలను పోల్చడానికి దీనిని వాడతారు. గణాంకపరంగా నిర్ణయానికి రాగలిగేంత వరకే దీని అవసరం. మూడవది నిర్వహణ ఫ్లాగ్. సర్వర్లపై భారం పెరిగినప్పుడు ఖర్చు ఎక్కువైన ఒక సౌకర్యాన్ని తాత్కాలికంగా ఆపివేయడానికి ఇది ఉపకరిస్తుంది. ఇందులో కొన్ని దీర్ఘకాలం ఉండదగినవే. నాలుగవది అనుమతి ఫ్లాగ్. చందాదారులకు ఒక సౌకర్యం ఇచ్చి ఇతరులకు ఇవ్వకపోవడం వంటి సందర్భాలలో ఇది ఏళ్ల తరబడి కొనసాగుతుంది.

ఈ విభజనను ప్రతి ఫ్లాగ్ పుట్టిన రోజే నమోదు చేయడం వల్ల ఒక ఆచరణాత్మక ప్రయోజనం ఉంది. ఒక ఫ్లాగ్ రెండేళ్లుగా కోడ్‌లో ఉందని తెలిసినంత మాత్రాన అది తప్పని చెప్పలేము. అది అనుమతి ఫ్లాగ్ అయితే సహజం. విడుదల ఫ్లాగ్ అయితే మాత్రం ఎవరో మరచిపోయినట్లే. రకం నమోదు కాని ఫ్లాగ్ విషయంలో ఈ రెండింటికీ తేడా తెలియదు. తేడా తెలియని చోట తొలగించడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

3. నైట్ క్యాపిటల్ ఉదంతం

తొలగించని కోడ్ ఎంత నష్టం చేయగలదో తెలియడానికి నైట్ క్యాపిటల్ ఉదంతం ప్రసిద్ధ నిదర్శనం. ఇది జావాస్క్రిప్ట్‌కు సంబంధించినది కాదు. అయినా ఇందులోని కార్యకారణ సంబంధం జావాస్క్రిప్ట్ అనువర్తనాలకు చాలా దగ్గరగా ఉంటుంది. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో దీని వివరాలు ఉన్నాయి.

నైట్ క్యాపిటల్ సంస్థ షేర్ల కొనుగోలు, అమ్మకం ఆర్డర్లను మార్కెట్‌కు పంపే ఒక వ్యవస్థను ఎనిమిది సర్వర్లపై నడిపేది. అందులో పవర్ పెగ్ అనే పాత భాగం ఉండేది. 2003లోనే సంస్థ దాని వాడకాన్ని మానివేసింది. కోడ్‌ను మాత్రం తీసివేయలేదు. ఒక ఆర్డర్‌కు కావలసినన్ని షేర్లు సమకూరాయా అని లెక్కించి, సమకూరిన వెంటనే పంపడం ఆపే ఏర్పాటు మొదట పవర్ పెగ్‌లో ఉండేది. 2005లో ఆ లెక్కింపును వ్యవస్థలో మరొక చోటికి మార్చారు. వాడుకలో లేని పవర్ పెగ్ ఆ మార్పు తరువాత సరిగా పనిచేస్తుందో లేదో ఎవరూ పరీక్షించలేదు.

2012లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ చిన్న మదుపరుల కోసం ఒక కొత్త పథకాన్ని ప్రారంభించింది. అందులో పాల్గొనడానికి నైట్ కొత్త కోడ్ రాసింది. ఆ కోడ్‌ను మేల్కొలపడానికి, పూర్వం పవర్ పెగ్‌ను మేల్కొలిపిన ఫ్లాగ్‌నే తిరిగి ఉపయోగించింది. కొత్త కోడ్ వచ్చినప్పుడు పవర్ పెగ్ పోతుంది గనుక ఇబ్బంది ఉండదని వారి ఉద్దేశం. అయితే కొత్త కోడ్‌ను సర్వర్లకు చేర్చిన సాంకేతిక నిపుణుడు ఎనిమిదింటిలో ఒకదానికి దానిని చేర్చలేదు. మరొకరు సరిచూసే పద్ధతి కూడా అక్కడ లేదు.

2012 ఆగస్టు 1న మార్కెట్ తెరుచుకుంది. ఏడు సర్వర్లలో ఆ ఫ్లాగ్‌కు కొత్త అర్థం, ఎనిమిదవ సర్వర్‌లో పాత అర్థం. ఎనిమిదవ సర్వర్‌లో పవర్ పెగ్ మేల్కొని, ఎక్కడ ఆగాలో తెలియక ఆర్డర్లను పంపుతూనే పోయింది. సుమారు 45 నిమిషాలలో 212 చిన్న ఆర్డర్లకు ప్రతిగా 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి. వాటిలో చేతులు మారిన షేర్లు 39.7 కోట్లకు పైనే. దోషం ఎక్కడుందో వెదికే తొందరలో, సరిగా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుండి కొత్త కోడ్‌ను తీసివేశారు. దానితో ఆ ఏడింటిలోనూ పవర్ పెగ్ మేల్కొంది. మొత్తం నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. కమిషన్ 1.2 కోట్ల డాలర్ల జరిమానా విధించింది. 2013లో ఆ సంస్థ గెట్కో అనే మరొక సంస్థలో కలిసిపోయింది.

ఈ ఉదంతంలో మూడు తప్పులను విడదీసి చూడవచ్చు. వాడని కోడ్‌ను తొమ్మిదేళ్లు ఉంచారు. దానిని తెరిచే ఫ్లాగ్ పేరును వేరే అర్థంలో మళ్లీ వాడారు. ఒకే ఫ్లాగ్‌ను చదివే కోడ్ అన్నిచోట్లా ఒకటేనని భావించారు. మూడవ తప్పు జావాస్క్రిప్ట్ విషయంలో మరింత ప్రధానమైనది. నైట్‌కు ఉన్నవి ఎనిమిది సర్వర్లు. బ్రౌజర్‌లో నడిచే అనువర్తనానికి, ఆ క్షణంలో తెరిచి ఉన్న ప్రతి బ్రౌజర్ ట్యాబ్ ఒక సర్వర్ వంటిదే. నిన్న ఉదయం నిఘంటువును తెరిచి మూయకుండా వదిలేసిన పాఠకుని ట్యాబ్‌లో నిన్నటి కోడ్ ఇంకా నడుస్తూ ఉంటుంది. సర్వీస్ వర్కర్ ద్వారా ఫైళ్లను దాచుకొనే అనువర్తనాలలో పాత కోడ్ ఇంకా ఎక్కువకాలం నిలుస్తుంది. వాటన్నింటికీ కొత్త కోడ్‌ను ఒకేసారి చేర్చడం నిర్వాహకుల చేతిలో లేదు.

4. ఫ్లాగ్ ఉండే చోట్లు

జావాస్క్రిప్ట్ అనువర్తనంలో ఫ్లాగ్ విలువ మూడు దశలలో నిర్ణయం కావచ్చు.

4.1. నిర్మాణ దశ. వెబ్‌ప్యాక్, వీట్ వంటి సాధనాలు మూలకోడ్‌ను బ్రౌజర్‌కు పంపదగిన ఫైళ్లుగా మారుస్తాయి. ఆ సమయంలో ఒక పేరు స్థానంలో నేరుగా ట్రూ లేదా ఫాల్స్ అనే విలువను పెట్టమని వాటిని ఆదేశించవచ్చు. అప్పుడు ఎన్నటికీ నడవని శాఖను గుర్తించి, టెర్సర్ వంటి కుదింపు సాధనం దానిని ఫైలు నుండి పూర్తిగా తొలగిస్తుంది. ఫైలు చిన్నదవుతుంది, విడుదల కాని కోడ్ బయటివారి కంటపడదు. అయితే విలువ మార్చాలంటే మళ్లీ నిర్మించి, మళ్లీ చేర్చవలసి ఉంటుంది. కనుక అత్యవసర పరిస్థితిలో తక్షణం ఆపడానికి ఇది పనికిరాదు.

4.2. సర్వర్ దశ. నోడ్ జేఎస్ సర్వర్‌లో ఒకే ప్రక్రియ అనేకమంది వినియోగదారుల అభ్యర్థనలకు సమాధానమిస్తుంది. అందుచేత ఫ్లాగ్ విలువను ప్రతి అభ్యర్థనకూ, ఆ వినియోగదారుని వివరాలతో వేరుగా లెక్కించాలి. నోడ్‌లో మాడ్యూల్ ఒకసారి లోడ్ అయిన తరువాత జ్ఞాపకంలో నిలిచిపోతుంది. ఒక వినియోగదారు కోసం లెక్కించిన విలువను మాడ్యూల్ స్థాయి చరరాశిలో ఉంచితే, తరువాత వచ్చే వారందరికీ అదే విలువ వర్తిస్తుంది. పరీక్షించేవారు ఒక్కరే ఉన్నప్పుడు ఈ దోషం కనబడదు.

4.3. బ్రౌజర్ దశ. బ్రౌజర్‌లో వినియోగదారు ఒక్కరే. అనువర్తనం మొదలైనప్పుడు ఒకసారి విలువలను తెచ్చుకుంటే సరిపోతుంది. ఇక్కడి సమస్య ఆలస్యం. విలువలు వచ్చేలోగా పాత రూపం కనబడి, వచ్చిన వెంటనే కొత్త రూపంలోకి మారితే తెర అదిరినట్లు ఉంటుంది. సర్వర్‌లోనే పుటను తయారుచేసి పంపే అనువర్తనాలలో మరొక చిక్కు ఉంది. సర్వర్ ఒక విలువతో పుటను తయారుచేసి, బ్రౌజర్ మరొక విలువతో దానిని స్వీకరిస్తే రెండూ పొసగవు. సర్వర్ లెక్కించిన విలువలను పుటలోనే పొందుపరచి పంపి, బ్రౌజర్ తొలిసారి వాటినే వాడుకొనేటట్లు చేయడం దీనికి సరైన మార్గం.

ఫ్లాగ్‌ల వాడకానికి ఉమ్మడి ప్రమాణంగా రూపొందిన ఓపెన్‌ఫీచర్ 2022లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరింది. అది జావాస్క్రిప్ట్‌కు సర్వర్ కోసం ఒకటి, వెబ్ కోసం ఒకటి చొప్పున రెండు వేర్వేరు లైబ్రరీలను ఇస్తున్నది. భాష ఒకటే అయినా సర్వర్‌లో వినియోగదారు ప్రతి అభ్యర్థనకూ మారడం, బ్రౌజర్‌లో స్థిరంగా ఉండడం ఇందుకు కారణం.

బ్రౌజర్ దశకు సంబంధించి మరొక హెచ్చరిక అవసరం. బ్రౌజర్‌కు చేరిన కోడ్‌ను, ఫ్లాగ్ విలువలను ఎవరైనా చూడగలరు, మార్చగలరు. కనుక ఫ్లాగ్‌తో బొత్తామును దాచడం భద్రత కాదు. చందాదారులకు మాత్రమే ఇవ్వదలచిన సమాచారాన్ని ఇవ్వాలో వద్దో సర్వర్ స్వయంగా తనిఖీ చేయాలి.

5. భాషా స్వభావం వల్ల జరిగే పొరపాట్లు

జావాస్క్రిప్ట్ షరతులలో ఏ విలువనైనా అంగీకరిస్తుంది. ఈ ఉదారత ఫ్లాగ్‌ల విషయంలో మూడు నిశ్శబ్ద దోషాలకు దారితీస్తుంది.

మొదటిది, స్ట్రింగ్ రూపంలోని ఫాల్స్. నోడ్‌లో పరిసర చరరాశుల విలువలన్నీ స్ట్రింగ్‌లే. ఫాల్స్ అనే అక్షరాలు గల స్ట్రింగ్ ఖాళీ స్ట్రింగ్ కాదు కనుక షరతులో అది నిజంగానే లెక్కకు వస్తుంది. ఫ్లాగ్‌ను ఆపామని నిర్వాహకుడు భావిస్తాడు, అది నడుస్తూనే ఉంటుంది. స్ట్రింగ్‌ను స్పష్టంగా ట్రూ అనే పదంతో పోల్చి బూలియన్‌గా మార్చడం దీనికి విరుగుడు.

రెండవది, అక్షరదోషం. లేని లక్షణాన్ని అడిగితే జావాస్క్రిప్ట్ దోషం చూపదు, అన్‌డిఫైన్డ్ ఇస్తుంది. అది షరతులో అబద్ధంగా లెక్కకు వస్తుంది. ఫ్లాగ్ పేరులో ఒక అక్షరం తప్పితే కొత్త సౌకర్యం ఎన్నటికీ తెరుచుకోదు, ఎక్కడా ఫిర్యాదూ రాదు. టైప్‌స్క్రిప్ట్‌లో ఫ్లాగ్ పేర్లన్నింటినీ ఒక రకంగా నిర్వచిస్తే, తప్పు పేరు రాసినప్పుడు కోడ్ రాస్తున్న దశలోనే పట్టుబడుతుంది.

మూడవది, డిఫాల్ట్ విలువ. విలువ రానప్పుడు ట్రూ తీసుకోవాలనే ఉద్దేశంతో రెండు నిలువు గీతల ఆపరేటర్‌ను వాడడం పాత అలవాటు. ఆ ఆపరేటర్ ఎడమవైపు ఫాల్స్ ఉన్నా కుడివైపు విలువనే తీసుకుంటుంది. కాబట్టి నిర్వాహకుడు ఫ్లాగ్‌ను ఆపినా ఫలితం ఎప్పుడూ ట్రూ అవుతుంది. ఎక్మాస్క్రిప్ట్ 2020లో వచ్చిన రెండు ప్రశ్నార్థకాల ఆపరేటర్, విలువ నల్ లేదా అన్‌డిఫైన్డ్ అయినప్పుడు మాత్రమే కుడివైపుకు పోతుంది. ఫ్లాగ్‌లకు తగినది అదే.

ఈ మూడింటినీ ప్రతి చోటా గుర్తుపెట్టుకొని రాయడం కష్టం. అందువల్ల అనువర్తనం మొత్తానికి ఫ్లాగ్ విలువను చదివే ఫంక్షన్ ఒక్కటే ఉండాలి. రకమార్పిడి, పేరు తనిఖీ, డిఫాల్ట్ అన్నీ అందులోనే జరగాలి. మిగిలిన కోడ్ ఆ ఫంక్షన్‌ను మాత్రమే పిలవాలి. తొలగింపు సమయంలో ఫ్లాగ్ వాడిన చోట్లన్నింటినీ వెదికి పట్టుకోవడానికి కూడా ఇది తోడ్పడుతుంది. అదే కారణంగా ఫ్లాగ్ పేరును ముక్కలుగా అతికించి తయారుచేయకూడదు. పూర్తి పేరు కోడ్‌లో కనబడకపోతే వెదుకులాటకు అందదు.

6. క్రమవిడుదల

కొత్త శోధనను మొదట పదిశాతం పాఠకులకు ఇవ్వాలనుకున్నప్పుడు యాదృచ్ఛిక సంఖ్యను వాడడం సహజంగా తోచే ఆలోచన. అలా చేస్తే ఒకే పాఠకునికి ఒక పుటలో కొత్త శోధన, మరొక పుటలో పాత శోధన కనబడుతుంది. దీనికి బదులు పాఠకుని గుర్తింపు సంఖ్యను, ఫ్లాగ్ పేరును కలిపి హ్యాష్ చేసి, వచ్చిన సంఖ్యను 100తో భాగించి శేషాన్ని తీసుకుంటారు. శేషం 10 కన్నా తక్కువైతే కొత్త శోధన లభిస్తుంది. ఒకే పాఠకునికి ప్రతిసారీ అదే శేషం వస్తుంది. పదిశాతాన్ని ఇరవై ఐదుకు పెంచినప్పుడు మొదటి పదిశాతం వారు అందులోనే ఉంటారు, ఎవరికీ ఇచ్చిన సౌకర్యం వెనక్కు పోదు.

ఫ్లాగ్ పేరును కూడా కలపడానికి కారణం ఉంది. పాఠకుని సంఖ్యను మాత్రమే హ్యాష్ చేస్తే, ప్రతి కొత్త సౌకర్యాన్నీ మొదట అనుభవించేది ఎప్పుడూ ఆ పదిశాతం మందే అవుతారు. దోషాల భారమంతా వారిపైనే పడుతుంది. వేర్వేరు ప్రయోగాల ఫలితాలు కూడా ఒకదానితో ఒకటి కలగాపులగమవుతాయి.

7. పరీక్ష

రెండు విలువలు గల ఫ్లాగ్‌లు పది ఉంటే వాటి కలయికలు 1,024. ఇరవై ఉంటే 10,48,576. అన్నింటినీ పరీక్షించడం అసాధ్యం, అవసరమూ కాదు. పరస్పరం ప్రభావం చూపని ఫ్లాగ్‌లే ఎక్కువగా ఉంటాయి. ప్రస్తుతం వినియోగదారుల వద్ద ఉన్న విలువల కూర్పును, తరువాతి విడుదలలో రాబోయే కూర్పును, అన్నీ డిఫాల్ట్‌కు పడిపోయిన కూర్పును పరీక్షించడం కనీస నియమంగా పెట్టుకోవచ్చు. మూడవది మరచిపోదగినది కాదు. ఫ్లాగ్ విలువలను అందించే సేవ ఆగిపోయిన రోజు అనువర్తనం ఆ కూర్పులోనే నడుస్తుంది.

రియాక్ట్ లైబ్రరీ మూలకోడ్‌లో ఒక మంచి పద్ధతి కనిపిస్తుంది. అక్కడ ఫ్లాగ్‌లన్నీ ప్రత్యేకమైన ఫైళ్లలో ఉంటాయి. ఒక పరీక్ష ఫలానా ఫ్లాగ్ తెరిచి ఉన్నప్పుడే నెగ్గాలని గేట్ అనే వ్యాఖ్యతో సూచిస్తారు. ఆ ఫ్లాగ్ మూసి ఉన్నప్పుడు పరీక్షను వదిలిపెట్టరు. దానిని నడిపి, అది ఓడిపోవాలని ఆశిస్తారు. ఒకవేళ నెగ్గితే దానినే దోషంగా ప్రకటిస్తారు. ఫ్లాగ్ మూసి ఉన్నా పరీక్ష నెగ్గుతున్నదంటే, ఆ పరీక్ష ఫ్లాగ్‌ను నిజంగా పరీక్షించడం లేదని గానీ, ఫ్లాగ్ కోడ్‌ను సరిగా అడ్డుకోవడం లేదని గానీ అర్థం.

8. తొలగింపు

8.1. ఎందుకు తొలగించరు? కొత్త శోధన అందరికీ అందిన రోజున బృందం దృష్టి తరువాతి పని మీదకు మళ్లుతుంది. పాత శోధన కోడ్ ఎవరికీ అడ్డుగా కనిపించదు. ఊబర్ సంస్థ ఈ సమస్యకు పిరానా అనే సాధనాన్ని తయారుచేసి, 2020లో ఒక పరిశోధన పత్రంలో వివరించింది. ఫ్లాగ్ పేరు, దాని తుది విలువ, దానిని రాసినవారి పేరు ఇస్తే, అనవసరమైన కోడ్‌ను తొలగించే మార్పును పిరానా స్వయంగా తయారుచేసి రచయితకు పంపుతుంది. 2017 డిసెంబరు నుండి 2019 మే వరకు అది 1,381 ఫ్లాగ్‌లకు అటువంటి మార్పులను తయారుచేసింది. అవి మొత్తం ఫ్లాగ్‌లలో 17 శాతం. తయారైన మార్పులలో 65 శాతం ఏ సవరణా లేకుండా ఆమోదం పొందాయి. దాదాపు 80 శాతం మార్పులు ఒకటికన్నా ఎక్కువ ఫైళ్లను తాకాయి. ఈ చివరి అంకె గమనించదగినది. చేర్చేటప్పుడు ఒక షరతుగా కనిపించిన ఫ్లాగ్, తొలగించేనాటికి అనేక ఫైళ్లలోకి పాకి ఉంటుంది.

8.2. నమోదు పట్టిక. ప్రతి ఫ్లాగ్‌కు పేరు, రకం, ఉద్దేశం, బాధ్యుని పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ, డిఫాల్ట్ విలువ ఒక ఫైలులో నమోదు కావాలి. గడువు దాటిన ఫ్లాగ్ ఉంటే హెచ్చరిక ఇచ్చే పరీక్షను స్వయంచాలక పరీక్షలలో చేర్చవచ్చు. గడువు దాటిన వెంటనే నిర్మాణాన్నే ఆపివేస్తే, అదే రోజున అత్యవసర సవరణ చేయవలసి వచ్చినప్పుడు అది అడ్డుపడుతుంది. కనుక ముందు హెచ్చరిక, కొన్ని వారాల తరువాత నిషేధం అనే రెండంచెల పద్ధతి మేలు.

8.3. తొలగింపు క్రమం. తెరిచి ఉన్న పాత ట్యాబ్‌లను దృష్టిలో ఉంచుకుంటే ఈ క్రమం తప్పనిసరి అవుతుంది.

మొదట ఫ్లాగ్‌ను నూరు శాతానికి చేర్చి, కొంతకాలం గమనించాలి. తరువాత కోడ్ నుండి షరతును, పాత శాఖను, దానికి మాత్రమే సంబంధించిన పరీక్షలను, శైలి ఫైళ్లను తొలగించి, ఆ కోడ్‌ను సర్వర్లకు చేర్చాలి. ఈ దశలో కాన్ఫిగరేషన్‌లోని ఫ్లాగ్ విలువను తాకకూడదు. పాత కోడ్ నడుస్తున్న ట్యాబ్‌లు ఇంకా ఆ విలువనే అడుగుతుంటాయి. దానిని ముందే తీసివేస్తే వాటికి అన్‌డిఫైన్డ్ చేరి, డిఫాల్ట్ ప్రకారం ఎప్పుడో మానివేసిన పాత శోధన తిరిగి కనబడుతుంది. దానికి సమాధానమివ్వవలసిన సర్వర్ భాగం అప్పటికే పోయి ఉంటే, పాఠకునికి దొరికేది ఖాళీ పుట. నైట్ ఉదంతంలో ఏడు సర్వర్ల నుండి కొత్త కోడ్‌ను తీసివేసినప్పుడు జరిగినదానికి ఇది చిన్న రూపం.

ఫ్లాగ్ విలువలను అడిగే ప్రతి అభ్యర్థనతో అనువర్తనం తన వెర్షన్ సంఖ్యను కూడా పంపేటట్లు చేస్తే, పాత వెర్షన్లు ఎన్ని మిగిలి ఉన్నాయో తెలుస్తుంది. మరీ పాత వెర్షన్‌కు పుటను తిరిగి తెరవమని సందేశం చూపవచ్చు. సర్వర్‌లోని పాత శోధన భాగాన్ని కూడా అప్పటివరకు ఉంచాలి. పాత వెర్షన్ల అభ్యర్థనలు ఆగిపోయిన తరువాతనే ఆ భాగాన్ని, కాన్ఫిగరేషన్ విలువను తొలగించాలి.

చివరిగా, నమోదు పట్టికలో ఆ పేరును చెరిపివేయకుండా విరమించిన పేరుగా గుర్తించి ఉంచాలి. దానిని మళ్లీ ఎన్నడూ వాడకూడదు. ఎక్కడో ఒక ట్యాబ్‌లో, ఒక సర్వీస్ వర్కర్ నిల్వలో ఆ పేరుకు పాత అర్థం మిగిలి ఉండే అవకాశాన్ని పూర్తిగా కొట్టివేయలేము. కొత్త పేరు పెట్టడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. పాత పేరు మళ్లీ వాడితే ఎంత ఖర్చు కాగలదో నైట్ ఉదంతం చూపింది.

9. ఉపసంహారం

ఫీచర్ ఫ్లాగ్ విడుదలను సురక్షితం చేసే మాట నిజం. ఆ భద్రత తాత్కాలికమైనది. పని ముగిసిన నాటి నుండి అదే ఫ్లాగ్ ఎవరూ పరీక్షించని ఒక మార్గాన్ని తెరిచి ఉంచుతుంది. ఊరివారు మరచిపోయిన తూమును ఎవరో తెలియక ఎత్తితే, ఆ నీరు ఎవరి పొలంలోకి పోతుందో చెప్పలేము. జావాస్క్రిప్ట్‌లో ఆ మార్గం సంస్థ గదులలోని సర్వర్లతో ఆగక వినియోగదారుల బ్రౌజర్ల వరకు విస్తరిస్తుంది. అందువల్ల ఫ్లాగ్‌ను చేర్చే రోజే దాని రకాన్ని, బాధ్యుని, గడువును నమోదు చేయడం, విలువను ఒకే ఫంక్షన్ ద్వారా చదవడం, ముందు కోడ్‌ను తొలగించి పాత వెర్షన్లు ఆగిన తరువాతనే కాన్ఫిగరేషన్‌ను తొలగించడం, పేరును మళ్లీ వాడకపోవడం అనే నాలుగు నియమాలు నిర్వహణకు పునాదిగా ఉండాలి.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ బోధించే అధ్యాపకులకు ఇందులో ఒక ప్రయోగశాల అభ్యాసం కూడా ఇమిడి ఉంది. ఫ్లాగ్‌ను చేర్చమంటే విద్యార్థులు కొద్ది నిమిషాలలో చేర్చగలరు. ఐదారు ఫైళ్లలోకి పాకిన ఒక పాత ఫ్లాగ్‌ను ఇచ్చి, ఒక ట్యాబ్‌ను పాత కోడ్‌తో తెరిచి ఉంచి, ఆ ట్యాబ్ చెడిపోకుండా ఫ్లాగ్‌ను పూర్తిగా తొలగించమని అడగవచ్చు. ఈ వ్యాసంలో చెప్పిన క్రమం ఎందుకు అవసరమో ఆ ఒక్క అభ్యాసంతో వారికి స్వయంగా బోధపడుతుంది.